ఎర్లీన్ గట్టు, నా జుట్టు

నన్నడిగితే తప్పంతా పెలికన్ ల్యాండుది. ఆ తరవాత ఒహాయో రాష్ట్రానిది. ఆ తరవాత మా ఆవిడది. పంచుకుంటూ నా వంతు దాకా వచ్చేసరికి తప్పు అయిపోయింది.

పెలికన్ ల్యాండు అనే ఆ ఆటల పార్కు కట్టకముందు ఆ నేలంతా చిత్తడి. నా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అక్కడే కప్పలు పట్టేవాణ్ణి. ఇప్పటి కప్పలనుకునేరు! ఒక్క తొడ వండితే ఆదివారం చర్చికి వచ్చినవాళ్ళందరికీ వడ్డించి ఇంకా పాస్టరుగారికి మూట కట్టేవాళ్ళం. దోమలూ అంతే. ఓ సాయంత్రం రెండు దోమలు మా మేకను చెరో చెవీ పట్టుకుని ఎత్తుకుపోతుంటే మా నాన్న తోక పట్టుకుని కిందికి లాగాడు.

అలాంటి నేల మీద కాలు పెట్టడానికి ఇప్పుడు నేను టికెట్ కొనాలట! అదీ పగటి టికెట్ పనికిరాదట. క్రిస్మస్ నెలలో సాయంత్రం ఏడయ్యేసరికి పగటి జనాన్ని గొర్రెల్ని తోలినట్టు బయటికి తోలేస్తారు. వేరే టికెట్ కొన్నవాళ్ళ ముంజేతికి ఎర్ర పట్టీ కట్టి, ఆ పట్టీ ఉన్నవాళ్ళకే మంచు, మిఠాయిలు, ఊరేగింపు చూపిస్తారు. కప్పలున్నప్పుడు ఎవడూ పట్టీ అడగలేదు.

మా ఆవిడ ఎర్లీన్ ఆ పార్కు కుట్టుగదిలో పందొమ్మిదేళ్ళు పనిచేసింది. క్రిస్మస్ ఊరేగింపులో మనిషి ఆకారపు అల్లంరొట్టెల వేషం వేసుకుని గంతులేసేవాళ్ళ కోట్లు నలభై రెండూ ఆవిడ చేతి కుట్టే. ఒక్కో కోటుకు సాసరంతేసి తెల్ల గుండీలు ఆరు. కానీ ఊరేగింపు కదిలే వేళకు ఎర్లీన్ ఎప్పుడూ లోపలే, సూదీ దారంతో ఎవరిదో చిరిగిన ప్యాంటు వెంట పరిగెడుతూ. దీపాల వెలుగులో ఆ గుండీలు వరసగా వస్తుంటే ఎలా ఉంటాయో ఆవిడ ఒక్కసారీ ఎదురుగా నిలబడి చూడలేదు.

రిటైరయ్యేటప్పుడు ఏమిచ్చారు? పెలికన్ బొమ్మ ఉన్న పిన్నీసు ఒకటి. టికెట్ మాత్రం కొనుక్కోమన్నారు. మీకు కోపం రావడం లేదూ? నాకొస్తోంది.

కొనుక్కునే రెండేళ్ళు వెళ్ళాం. ఎర్లీన్ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మొదటి ఏడు ఎవరో జార్జియా ఆసామి వీపు చూసి వచ్చింది. రెండో ఏడు ఇంకో ఆసామి భుజాల మీద కూర్చున్న పిల్ల చెప్పులు చూసి వచ్చింది.

మూడో ఏడు ఆగస్టులోనే వంటింటి బల్ల మీద నోటుబుక్కు తెరిచింది.

"ఇదిగో డెల్బర్ట్, కూర్చో. నీ డ్యూటీ రాశాను."

"క్రిస్మస్‌కి ఇంకా నాలుగు నెలలుంది కదే!"

"నీకు చెప్పింది నీ బుర్రలో దిగడానికే మూడున్నర నెలలు. మిగతా పదిహేను రోజులు రిహార్సల్."

నోటుబుక్కులో నిమిషాల లెక్కన రాసి ఉంది. నాలుగింటికి గేటు. ఆరున్నరకు గడియారం స్తంభం దగ్గర ఫుట్‌పాత్ గట్టు. ఊరేగింపు అక్కడే మలుపు తిరుగుతుంది కాబట్టి గుండీలు ఎదురుగానూ కనిపిస్తాయి, పక్కనుంచీ కనిపిస్తాయి. ఎనిమిదిన్నరకు ఊరేగింపు. అప్పటిదాకా ఆరడుగుల గట్టు నేను కాపలా కాయాలి. ఆవిడ వెళ్ళి కోకో, కుకీలు తెస్తుంది.

"రెండు గంటలు గట్టు మీదా? నా నడుము ఏమైపోవాలి?"

"గాలం వేసుకుని ఏటి ఒడ్డున ఐదు గంటలు కూర్చుంటావే, అప్పుడు నడుము ఇంట్లో పెట్టి వెళ్తావా?"

"పోనీ కుకీలు నేను తెస్తాను, నువ్వు కూర్చో."

"నిన్ను పంపితే సంచి వస్తుంది, కుకీలు రావు."

"మరి ఎవరైనా వచ్చి జరగమంటే?"

"జరగనని చెప్పు. అంతే. కథలెత్తుకోకు."

*

డిసెంబరు పన్నెండు. మా ఫ్లోరిడాలో ఆ సాయంత్రం చొక్కా పిండితే చెంబెడు నీళ్ళొచ్చేవి. పండగ పండగే అని ఎర్లీన్ నాకు జింకలున్న ఎర్ర ఉన్ని స్వెటర్ తొడిగింది, తలకు ఉన్ని టోపీ పెట్టింది. రోడ్డు పొడుగునా దీపస్తంభాలకు మరయంత్రాలు బిగించి పైనుంచి సబ్బునురుగు ఊదుతున్నారు. అది మంచట! జనం నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు. నేను గిన్నెలు తోమేటప్పుడు మా ఇంట్లో ఇంతకు రెట్టింపు మంచు పడుతుంది, ఒక్కడూ వచ్చి చూడడు.

గడియారం స్తంభం దగ్గర దుప్పటి పరిచి ఆరడుగులు ఆక్రమించాను. రెండు చివరలా రెండు బూట్లు విడిచి సరిహద్దు రాళ్ళలా పెట్టాను. ఎర్లీన్ గట్టు కొలిచి చూసుకుని కుకీలకు వెళ్ళింది.

అరగంట నిక్షేపంగా గడిచింది. అప్పుడు వచ్చింది ఒహాయో. పదకొండు మంది, అందరికీ ఒకే పచ్చ చొక్కా, వీపు మీద 'క్లంపెన్‌హోవర్ వారి క్రిస్మస్ యాత్ర, ఒహాయో' అని అచ్చు. ఆ పేరు కూడబలుక్కుని చదివేలోపే నా గట్టులో ఒక అడుగు పోయింది.

"పెద్దాయనా, పిల్ల ఒక్కతే! ఈ మూలన నిలబడుతుంది, అంతే," అంది ఒకావిడ.

పిల్లే కదా అనుకున్నాను. కాసేపటికి ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఒంటరిగా ఉంటే జడుసుకుంటుందండీ."

తరవాత పిల్లల బండి వచ్చింది. బండా అది? ఓడ! "కాస్త మడవమ్మా," అన్నాను. "ఇది మడత పడదండీ," అంది. తరవాత కాళ్ళవాపుల ముసలమ్మ. తరవాత మామయ్య ఒకడు, అడగను కూడా అడగలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. కుడివైపు బూటు ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

"నేను జరగను!" అన్నాను గట్టిగా.

"మీరెందుకండీ జరగడం, మేం జరుగుతాంగా," అన్నాడు మామయ్య ఇంకో జానెడు జరిగి.

అప్పటికి ఏడున్నర. నాకు మిగిలింది నేను కూర్చున్నంత. మామయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ వీపు జార్జియా ఆసామి వీపుకు పెద్దన్న. మూడో ఏడు కూడా ఎర్లీన్ వీపులు లెక్కపెట్టుకుని ఇంటికి రావాలా? పందొమ్మిదేళ్ళు కుట్టిన మనిషి గుండీలు చూసుకోవడానికి నోచుకోదూ? నాకు ఒళ్ళు మండిపోయింది. కోపంతో తల ఎత్తాను. సరిగ్గా మా నెత్తి మీద నురుగు మర.

"అమ్మా, పిల్ల తలకు టోపీ ఏదైనా తెచ్చారా?" అన్నాను.

"ఎందుకండీ?"

"ఏం లేదులే. పండగ పూట ఎందుకు ఆ మాటలు."

"చెప్పండి, పరవాలేదు!"

"పోయినేడు నేనూ సరిగ్గా ఇక్కడే కూర్చున్నాను తల్లీ, ఈ మర కిందే. అప్పటికి నా జుట్టు చూడాలి! పిచ్చుకలు గూడు కట్టుకోవడానికి మా వాకిట్లో క్యూ కట్టేవి. ఆ నురుగు తల మీద పడింది. చల్లగా హాయిగానే ఉంది. తెల్లారి లేచి చూద్దును కదా, జుట్టు దిండు మీద ఉంది, నేను మంచం మీద ఉన్నాను."

టోపీ తీశాను. దీపం కింద నా తల పౌర్ణమిలా వెలిగింది.

ముసలమ్మ చేతిసంచి నెత్తిన బోర్లించుకుంది. "ప్రభువా! నిన్ననే రంగేయించుకున్నాను!"

మీరు కళ్ళు మూసి తెరిచేలోపు పదకొండు మంది క్లంపెన్‌హోవర్లూ లేరు. మడత పడని బండి మడత పడింది. వాళ్ళు వెళుతూ పక్కవాళ్ళకు చెప్పారు, పక్కవాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకు. రెండు నిమిషాల్లో ఇరవై అడుగుల గట్టు ఖాళీ. నేను కాళ్ళు బారచాపి రాజులా ఒరిగాను. ఎర్లీన్ వచ్చి చూసి ఏమంటుందో అని మురిసిపోతున్నాను కూడా.

ఎర్లీన్ కంటే ముందు ఇద్దరు మనుషులు పచ్చతాడు పట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనక పార్కు యూనిఫారంలో ఒకమ్మాయి. గుండెల మీద బిళ్ళలో పేరూ సొంత రాష్ట్రమూ, 'టాబితా, నెబ్రాస్కా' అని ఉంది. ముఖాన నవ్వు మేకు కొట్టి తగిలించినట్టుంది.

"మీ సాయంత్రం మెరిసిపోవాలి సార్! ఈ మర వల్ల గాయపడింది మీరేనా?"

"గాయమా? ఏం గాయం?"

"జుట్టు సార్. పదకొండు మంది వచ్చి చెప్పారు. అందరివీ ఒకే చొక్కాలు."

ఆ అమ్మాయి మాట్లాడుతుండగానే ఆ ఇద్దరూ స్తంభం చుట్టూ, గట్టు చుట్టూ, నా దుప్పటి చుట్టూ తాడు బిగించేశారు.

"అమ్మాయ్! తాడెందుకు? ఇది మా ఆవిడ గట్టు!"

"మర పరీక్ష చేసేదాకా ఇక్కడ ఎవరూ ఉండకూడదు సార్."

"ఇదిగో చూడు. నురుగూ లేదు, గాయమూ లేదు. ఆ కథ నేనే అల్లాను. నాకు ఇరవై తొమ్మిదో ఏటనే బట్టతల వచ్చింది."

"కంగారు పడకండి సార్. దెబ్బ తగిలినవాళ్ళు మొదట అలాగే అంటారు."

"అంటే నా మాట నమ్మవా?"

"నమ్మడం నా పని కాదు సార్, రాసుకోవడం నా పని," అంది నవ్వు చెదరకుండా.

చూశారా న్యాయం! అబద్ధం చెబితే వీధి వీధంతా నమ్మి పరిగెత్తింది. నిజం చెబితే చక్రాల కుర్చీ తెప్పించారు. "నేను నడవగలను!" అంటే, గాయపడ్డవాళ్ళు నడవకూడదని రూలట.

నన్ను కుర్చీలో కూలేస్తుండగా వచ్చింది ఎర్లీన్, రెండు చేతుల్లో రెండు కోకో కప్పులు, మోచేతికి కుకీల సంచి. తాడు చూసింది. ఖాళీ గట్టు చూసింది. నా బోడితల చూసింది. గుండుసూదులు పెదాల మధ్య బిగించినప్పుడు ఎలా ఉంటుందో అలా అయింది ముఖం.

"మేడమ్, ఈయన మీవారేనా?" అంది టాబితా.

"ఆ సంగతి తరవాత చూద్దాం. ఏం చేశాడు?"

టాబితా కథంతా చెప్పింది, పిచ్చుకలతో సహా.

"ఎర్లీన్! నా తల ఎప్పట్నుంచి ఇలా ఉందో నువ్వు చెప్పవే!" అన్నాను.

ఎర్లీన్ నావైపు చూడలేదు. "ఊరేగింపు మొదలయ్యేలోపు ఈ తాడు విప్పుతారా అమ్మా?" అనడిగింది.

"కుదరదు మేడమ్. మర చూసే ఆయన రేపు ఉదయం వస్తారు."

"గాయం లేదని తేలినా?"

"తేలినా అంతే మేడమ్. ఒకసారి కట్టాక కట్టినట్టే."

"అయితే నా చోటు?"

"మీ చోటు పోయింది కాబట్టి ఎదురుగా ఎత్తరుగు మీద మొదటి వరసలో కుర్చీ ఇస్తాం. కాకపోతే సార్ వెంట మీరు కూడా వైద్యశాలకు వెళ్ళాలనుకుంటారేమో..."

"నేనెందుకు? ఆయనేమన్నా చంటిపిల్లాడా?"

"సరే మేడమ్. మరి జుట్టు సంగతి నిజమేనని రాసుకోనా?"

ఎర్లీన్ అప్పుడు చూసింది నావైపు, తీరిగ్గా, నెత్తి నుంచి ఒక్క బూటు దాకా.

"ఎంత జుట్టమ్మా, పాపం! ఇంట్లో ఒక్క దువ్వెన మిగిలేది కాదు. తీసుకెళ్ళండి. డాక్టర్లంటే సిగ్గు, బాగానే ఉన్నానంటాడు, వినకండి. తల మొత్తం చూడండి. వీలైతే లోపల కూడా."

నా వంతు కోకో కప్పు టాబితా చేతిలో పెట్టి, ఎత్తరుగు వైపు చకచకా నడిచింది. నా చక్రాల కుర్చీ రెండో దిక్కుకు తిరిగింది. దారి పొడుగునా జనం పక్కకు తప్పుకుని తలలు పట్టుకున్నారు. ఎవరి తల వాళ్ళు.

*

నర్సు పేరు ప్రూడెన్స్. నాలుగు పేజీల కాగితం ముందు పెట్టుకుంది.

"రాలిన జుట్టు రంగు?"

"గుర్తు లేదు."

"పొడవు?"

"ఊరుకోమ్మా!"

"రాలినది భద్రపరిచారా?"

డ్రైవింగ్ లైసెన్సు అడిగితే ఇచ్చాను. ఫొటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫొటో చూసింది.

"సార్, నురుగు పడింది పోయినేడేనా?"

"ఆఁ."

"ఈ ఫొటో పదకొండేళ్ళ కిందటిది."

నేను గోడ మీది పటం చూశాను. ఊపిరితిత్తుల పటం, చాలా బాగుంది. నర్సమ్మ మందుల అల్మరా మూడుసార్లు తెరిచి, తల లోపల పెట్టి, మూడుసార్లు మూసింది. ఆ తలుపు వెనక నవ్వు వినపడదనుకుంది కాబోలు. బయట డప్పులు మోగుతున్నాయి. జనం కేకలు. గోడ అవతల నలభై రెండు కోట్లు వెళ్ళిపోతున్నాయి, నేను లోపల థర్మామీటరు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇక నన్ను వదిలెయ్యమ్మా. నిజం తేలింది కదా."

"తేలింది సార్. కానీ 'చికిత్స' అనే గడి ఖాళీగా ఉంచకూడదు," అని ఏదో రాసి, సంతకం చేసి, నాకో సీసా ఇచ్చింది.

తొమ్మిదింపావుకు ఎర్లీన్ వచ్చింది. వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కనిపించాయా?" అన్నాను.

"ఆఁ."

"అన్నీనా?"

"రెండు వందల యాభై రెండు. ఒక్కటి వంకర లేదు డెల్బర్ట్. ఒక్కటి వేలాడలేదు. ఆఖరివాడు నా ఎదురుగా ఆగి వంగాడు. వంగితే కూడా కుట్టు పిగల్లేదు." చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. సంచిలోంచి ఒక కుకీ తీసి నా చేతిలో పెట్టింది.

ఆ కుకీ అయిపోయేదాకా నాకు కోపం గుర్తు రాలేదు. అయిపోగానే వచ్చింది.

"మరి నలుగురిలో అంత అబద్ధం ఎలా ఆడావే?"

"నేనా? నలభై మూడేళ్ళ నుంచీ నువ్వు నలుగురిలో చెప్పిందల్లా నేను కాదంటున్నానని నిష్ఠూరాలు పోతున్నావు. ఒక్కసారి ఔనన్నాను. అదీ తప్పేనా?"

నేను ఇంకో కుకీ కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

ఈలోగా ఎర్లీన్ నర్సమ్మ కాగితం పైకి చదివింది: చంటిపిల్లల షాంపూతో పూటకొకసారి, రోజుకు రెండు పూటలా, ఆరు వారాలు, ఇంట్లోవాళ్ళ పర్యవేక్షణలో తల రుద్దవలెను. మడత పెట్టి జాగ్రత్తగా చేతిసంచిలో దాచుకుంది. మర్నాటి నుంచి అది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఇవాళ్టికి ఇరవై మూడో రోజు. కుట్టులో ఎంత నియమమో ఇందులోనూ అంతే, ఒక్క పూట వదలదు. రుద్దుతూ ఏవో పాటలు కూడా పాడుతోంది. అదిగో, వీధి వీధంతా వినేలా పిలుస్తోంది వినండి. "డెల్బర్ట్! జుట్టు రాలిన మనిషివి, ఎండలో కబుర్లేంటి? రా, తల రుద్దాలి!"

వెళ్ళాలి మరి. వెళ్ళకపోతే నేను అబద్ధమాడానని అందరూ అనుకోరూ?