పెతహ్యా పరుపు

ఆ ఉదయం పెతహ్యా ఒక్క పనే పెట్టుకున్నాడు. నల్లులు పట్టిన గడ్డి పరుపును తగలబెట్టాలి. పస్కా పండుగ నెల వచ్చేస్తోంది, పండుగ దాకా ఉండడానికి అత్తగారు రేపే దిగుతోంది.

"మా అమ్మకు ఒక్క నల్లి కనిపించినా మీ పడక మేకల దొడ్లోనే," అంది భార్య షెలోమీతు.

పెరట్లో నిప్పు పెట్టబోతే పక్కింటావిడ గోడ మీంచి అరిచింది. "బాబూ, ఉతికిన బట్టలు ఆరేశాను!" కళ్లం దగ్గరికి మోసుకెళితే చుట్టూ పండిన యవల చేను. పరుపు నెత్తిన పెట్టుకుని తిరిగి తిరిగి, పొద్దుగూకే వేళకు ఊరి కొండ ఎక్కాడు.

నెలవంక కనబడిందని యెరూషలేము పెద్దలు తీర్పు చెప్పిన సాయంత్రం, కొండ నుంచి కొండకు దివిటీలు ఊపి తూర్పున బబులోనులో ఉన్న యూదుల దాకా కబురు పంపుతారు. మంట లేకపోతే కొత్త నెల ఒకరోజు ఆలస్యంగా మొదలవుతుంది, దాంతోపాటు పండుగ కూడా. అందరూ ఎదురుచూస్తున్న సాయంత్రం అదే. పడమటి కొండ చీకటిగా ఉంది. ఈ కొండ మీద దివిటీ ఊపే హిల్కీయా, అంటే పెతహ్యా బావమరిది, చూసి చూసి భోజనానికి దిగిపోయాడు. పెతహ్యా బుర్రలో మాత్రం నల్లులు తప్ప ఇంకేమీ లేవు.

పరుపు అంటుకుంది. కర్రతో కుళ్లగిస్తే మండే గడ్డి దాని కొసకు చుట్టుకుంది. విదిలించడానికి అటూ ఇటూ ఊపాడు. రాలలేదు. పైకీ కిందికీ ఊపాడు.

దివిటీ ఊపే పద్ధతి సరిగ్గా అదే.

తూర్పు కొండ మీద ఒక దివిటీ లేచింది. అటూ ఇటూ, పైకీ కిందికీ.

"కాదు నాయనా! ఇది పరుపు!" అని పెతహ్యా కర్రను ఇంకా గట్టిగా ఊపాడు. అవతలివాడికి హుషారు పుట్టింది. వాడి వెనక కొండ వెలిగింది, దాని వెనకదీ వెలిగింది.

హిల్కీయా నోట్లో ముద్దతోనే పరుగెత్తుకొచ్చాడు. "బావా! ఎంత పని చేశావు! తూర్పు దేశమంతా తప్పు రోజున పస్కా చేస్తుంది!"

"ఆర్పేద్దాం పద."

"ఇక్కడ ఆర్పితే బబులోనులో ఆరుతుందా?"

ఈలోగా ఊరి పెద్ద యోయెజెరు ఆయాసపడుతూ వచ్చాడు. "దొంగ మంటలతో మన పండుగ తేదీలు చెడగొట్టే శత్రువుల జట్టులో ఎప్పుడు చేరావురా?"

"జట్టు కాదు పెద్దయ్యా, నల్లులు."

"నల్లులట! రేపు సమాజమందిరంలో చెప్పు. జనం నమ్మకపోతే ఊరు వదలాల్సిందే."

పెతహ్యా తల వంచుకుని ఇల్లు చేరాడు. పొద్దున అరిచిన పక్కింటావిడే గోడ మీంచి వేడి రొట్టె అందించింది.

మర్నాడు మందిరం కిక్కిరిసింది. పెతహ్యా నోరు తెరవబోతుండగా యెరూషలేము నుంచి వార్తాహరుడు కంచరగాడిద దిగి లోపలికి వచ్చాడు.

"నిన్ననే కొత్త నెల ఖాయమైంది! పడమటి మంట పొగమంచులో మునిగిపోయింది. తూర్పుకు కబురు అందదని పెద్దలు బెంగపడి నన్ను పంపారు. తీరా వస్తే మీ కొండ ముందే వెలిగిందంటున్నారు! మంచులోంచి ఎవరు చూశారయ్యా?"

అందరికన్నా ముందు హిల్కీయా తేరుకున్నాడు. "మా బావ చూపు అలాంటిదండీ."

"నేను నిన్ననే అనుకున్నాను," అన్నాడు యోయెజెరు గడ్డం దువ్వుకుంటూ.

పెతహ్యాను భుజాల మీద ఊరేగించి ఇంటికి తెచ్చారు. అత్తగారు అప్పటికే కొత్త పరుపు మీద కూర్చుని వీపు గోక్కుంటోంది. నెత్తిన మోసినవాడి జుట్టులో దాక్కుని కొన్ని నల్లులు కొండ దిగి వచ్చేశాయి.

ఆ ఏడు పెతహ్యా పస్కాను సరైన రోజునే చేసుకున్నాడు, మేకల దొడ్లో.