పత్తి గదిలో తొలి ఆల్బమ్

ప్రపంచ సంగీత చరిత్రలో తొలి ఆల్బమ్‌లు రెండే రకాలు: విమర్శకులు మెచ్చినవి, విమర్శకులు తిట్టినవి. ప్రత్తిపాడులో పదో తరగతి చదువుతున్న మెహర్ మూడో రకాన్ని కనిపెట్టింది. దాన్ని విమర్శకులు వినలేదు.

ఆల్బమ్ పేరు 'లోపలి మాట'. పాటలు నాలుగు. స్టూడియో, ఇంట్లో పత్తి పోసిన గది. (గోడల ఎత్తున పత్తి ఉంటే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి పాట బయటికి పోదు. పాట బయటికి పోకపోవడమే మెహర్‌కు ముఖ్యం. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ మేడమ్' అనడానికి సిగ్గుపడి చెయ్యెత్తి ఊరుకునే మనిషి.) పత్తి మీద కూర్చుంటే ఒళ్లంతా దురద. గోక్కుంటూ పాడడం వల్ల గొంతులో ఒక వణుకు వచ్చింది. దాన్ని ఆమె గమకం కింద జమ వేసుకుంది.

తనకు తాను ఒక నిబంధన కూడా విధించుకుంది. ఒక్క మనిషైనా ఆల్బమ్‌ను చివరిదాకా వింటే, బడి వార్షికోత్సవంలో పాడడానికి పేరివ్వాలి. లేదంటే ఇక ఈ జన్మకు చెయ్యెత్తడమే.

ఆల్బమ్ బంధువుల వాట్సాప్ గ్రూపులో విడుదలైంది. ఆ గ్రూపు సమీక్షా నియమావళి ప్రకారం బొటనవేలు గుర్తు పెడితే 'చూశాను, వినలేదు' అని అర్థం. దండం పెడితే 'కొంచెం విన్నాను, ఇక వదిలెయ్' అని. చీరాల నుంచి జాన్ బాషా మామయ్య వరసగా దండాలు పెట్టాడు. స్నేహితురాలు నాగజ్యోతికి విడిగా పంపితే, ఫైలు ఇంకా డౌన్‌లోడ్ అవుతుండగానే 'సూపరే!' అని తీర్పు చెప్పింది.

సుదీర్ఘంగా విమర్శించింది అమ్మ కరీమున్ ఒక్కతే.

"పత్తంతా తొక్కి పడేసిందెవరే? బేరగాడొచ్చి చూస్తే ఏమంటాడు?"

"రికార్డింగమ్మా."

"పాడుకుంటే వసారాలో పాడుకో. పత్తేం చేసిందే నిన్ను?"

పేర్లివ్వడానికి ఆఖరి రోజున నాగజ్యోతి బళ్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఒసేయ్ మెహర్! నీ పాటలు మా తాతకి చిప్పులో వేసిచ్చానా, రోజూ పెడుతున్నాడే! మొత్తం నాలుగూ!"

మెహర్ ఇక ఆగలేదు. శ్రీరమ్య టీచర్ దగ్గరికి వెళ్లి, నోరు తెరిచి, పేరు చెప్పింది. టీచర్ మెరుపు పెన్నుతో చార్టు మీద రాసింది. (మెరుపు పెన్నుతో రాసిన పేరు కొట్టేయడం కుదరదు. చార్టు అందం చెడుతుంది.)

బడి వదిలాక కృతజ్ఞతలు చెప్పడానికి నాగజ్యోతి తాత చెంచయ్య మొక్కజొన్న చేనికి వెళ్లింది. గట్టు మీద కర్ర, కర్రకు చిన్న మైకు, మైకులో తన గొంతు.

"నీ పాటలేనమ్మా!" అన్నాడు చెంచయ్య సంబరంగా. "ఇదివరకు కుక్కల అరుపులు పెట్టేవాణ్ణి. అడవి పందులు అలవాటు పడిపోయినయ్. నీ మూడో పాట పెట్టినకాడ్నించి ఒక్కటి గట్టెక్కితే ఒట్టు!"

(మంచి పాట శ్రోతల్ని కదిలిస్తుందని పెద్ద విమర్శకులు రాస్తుంటారు. ఇది పొలిమేర దాటేదాకా కదిలించింది.)

మెహర్ ఆఖరి ఆశగా అడిగింది. "నువ్వు మాత్రం చివరిదాకా విన్నావు కదా తాతా?"

"ఇంటే రాత్రిళ్లు కాపలాకాడ నిద్రెట్టా పడతదమ్మా?" చెంచయ్య జేబులోంచి రెండు దూది ఉండలు తీసి చూపించాడు. "ఇయ్యి చెవుల్లో పెట్టుకుంటా. మీ గదిలో పత్తే, మీ అమ్మనడిగి తెచ్చుకుని గింజ తీశా. మంచి పత్తమ్మా, ఒక్క ముక్క ఇనపడదు."

స్టూడియో నాణ్యత మీద వచ్చిన తొలి ప్రశంస అది.

"తాతా, నేను వార్షికోత్సవంలో పాడతానని పేరిచ్చేశాను," అంది మెహర్. గొంతులో గమకం మళ్లీ వచ్చింది, ఈసారి దురద లేకుండానే.

చెంచయ్య నొచ్చుకున్నాడు.

"ఓస్, దానికి కళ్లనీళ్లెందుకమ్మా? ఎవరొచ్చినా రాకపోయినా నేనొస్తా. ముందు వరసలోనే కూర్చుంటా," అని ధైర్యం చెప్పి, దూది ఉండల్ని జాగ్రత్తగా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.