మబ్బుల వారసుడు

ఆ ఆదివారం ఉదయం దర్జీగారు పెట్టుకున్న పని ఒక్కటే. తన తర్వాత తన మబ్బుల్ని ఎవరు చూసుకుంటారో తేల్చుకోవాలి. తెల్లవారగానే మేడ మీదికెళ్లి ఫోనుతో మబ్బుల్ని ఫొటో తీయడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. అన్నీ ఒక ఆన్‌లైన్ ఖాతాలో దాచుకున్నారు. కొలతలు తీసుకుంటూ కూడా కిటికీలోంచి ఆకాశం చూసే మనిషి కావడంతో, ఆయన కుట్టిన చొక్కాలకు ఒక చెయ్యి కాస్త పొడుగుండేది.

మీ తదనంతరం వీటిని ఎవరికి అప్పగించమంటారని ఖాతావాళ్లు అడిగారు. భార్య పేరు రాద్దామంటే, ఫోన్లో చోటు చాలనప్పుడల్లా చెరిపేయడానికి ఆవిడ వేలు ముందు మబ్బుల మీదే పడుతుంది. అందుకని బావమరిది పేరు రాశారు. అతను బ్యాంకు గుమాస్తా, ఏ పనీ రేపటికి ఉంచడు.

అదే కొంప ముంచింది. ఖాతావాళ్ల సందేశం అందగానే బావమరిది కాఫీ పక్కన పెట్టి, అడిగిన ప్రతిదానికీ టకటకా 'అవును' నొక్కుకుంటూ పోయాడు. ఖాతాదారు మరణించినట్టు ధ్రువీకరిస్తున్నారా అన్నదానికీ 'అవును' నొక్కి, తృప్తిగా కాఫీ తాగాడు.

మేడ మీద లేత గులాబీ వెలుగులో దర్జీగారి ఖాతా మూతపడింది. పరిచయస్థులందరికీ సంతాప సందేశం వెళ్లింది. పక్కింటి లెక్కల మాస్టారు కళ్లు తుడుచుకుంటూ దర్జీగారి భార్య దగ్గరికి వచ్చాడు.

"ఎంత పని జరిగిందమ్మా! నా ప్యాంటు పూర్తయిందో లేదో..."

"మీ ప్యాంటుకేమైందండీ?"

"ప్యాంటుకు కాదమ్మా, మీ ఆయనకు!"

ఆవిడ ఒక్క పరుగున మేడెక్కింది. దర్జీగారు గోడకానుకుని కూర్చుని ఉన్నారు.

"మబ్బులు పోయాయే," అన్నారు నీరసంగా.

"కింద మీరే పోయారంటున్నారు!"

"నా సంగతి సరేలే. అవెలా తిరిగొస్తాయి?"

అప్పటికే మెట్ల నిండా జనం, కుట్టని గుడ్డలు గుర్తుకొచ్చినవాళ్లు. వాళ్లను తోసుకుంటూ బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"తప్పయిపోయింది బావా! ఫొటోలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అన్నీ నాకు అప్పగించేశారు."

"నీకా?" అంది అక్క. "ఇన్నేళ్లు కాపురం చేసి, నన్ను నమ్మలేదన్నమాట. ఇలా ఇవ్వరా, ఆ చెత్తలో ఏముందో చూస్తాను."

ఫోను లాక్కుంది. ఆవిడ బొటనవేలు చూసి దర్జీగారు ఊపిరి బిగబట్టారు.

బంగారు మబ్బు, బూడిదరంగు మబ్బు, వాన మోసుకొస్తున్న మబ్బు. ప్రతిదాని కిందా ఓ మూల బట్టలు ఆరేసే తీగ, దాని మీదికి చేతులు చాచిన ఓ మనిషి. పాత ఫొటోల్లో ఆ మనిషి జుట్టు నల్లగా ఉంది. ఒకదాంట్లో కట్టు కట్టిన చెయ్యి వేలాడుతుంటే, ఒంటిచేత్తోనే దుప్పటి ఆరేస్తోంది.

"ఇవన్నీ... నేనేనా?"

"నువ్వు పైకొచ్చాకే తీసేవాణ్ణి," అన్నారాయన సిగ్గుపడుతూ.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్ల మీది జనం కూడా ప్యాంట్లు మరిచిపోయి ఆకాశం చూస్తున్నారు.

"తమ్ముడూ, వీటిని నా పేరుకు మార్చరా." ఫోను ఆవిడ చేతిలో ఉండగానే అతను 'అవును' నొక్కేశాడు. ఆవిడ మరికొన్ని ఫొటోలు చూసింది. నెమ్మదిగా మొహం మారింది.

"అంటే, ఇన్నేళ్లూ నేను తడిబట్టలు మోస్తుంటే మీరు నిలబడి చూస్తున్నారన్నమాట!"

ఖాతా లెక్కలో స్వర్గీయులైన దర్జీగారు, మర్నాడు తెల్లవారగానే, మొదటి మబ్బు కింద దుప్పటి పిండుతూ ఆవిడ తీసిన ఫొటోలో పడ్డారు.