కోతపడని స్థలం

తీర సంక్షేమ మంత్రి భీమరాజు గారు 2001లో ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఉప్పాడ పక్కన ఒక పేటలో సముద్రపు కోతకి పోయిన ఇళ్ళన్నిటినీ పదిహేను రోజుల్లో ఇంటర్నెట్‌లో పెట్టేస్తామన్నారు. సముద్రం పట్టుకుపోయినదాన్ని ఎక్కడో ఒకచోట తెచ్చి పెట్టిన ప్రభుత్వం అంతకుముందు లేదు గనక జనం చప్పట్లు కొట్టారు.

పెట్టే పని దుర్గాశ్రీ మీద పడింది. సామర్లకోట నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ ఆమె. రాజమండ్రిలో మూడు నెలలు వెబ్ డిజైనింగ్ నేర్చుకుంది. ఆమె ఉద్యోగం రెన్యూవల్ ఈ పేజీ మీదే ఆధారపడి ఉందని ఆఫీసర్ జ్ఞానప్రకాశం గారు ముందే సెలవిచ్చారు.

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఒక టేబుల్ కట్టింది దుర్గాశ్రీ. రెండొందల పన్నెండు అడ్డవరసలు, నాలుగు నిలువు వరసలు. నంబరు, యజమాని పేరు, పోయిన ఇల్లు, ప్రభుత్వం ఇచ్చినది. మొదటి మూడూ సాయంత్రానికల్లా నిండాయి. నాలుగోదానికి ఫైలంతా తిరగేసినా ఏమీ దొరకలేదు.

పేజీ తెరిస్తే ఖాళీ గడుల చుట్టూ గీతలు రాలేదు. నాలుగో నిలువు వరస పళ్ళూడిన నోరులా ఉంది.

"ఇదేంటమ్మా, మనమేమీ ఇవ్వనట్టు కనబడుతోంది?" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

"ఇవ్వలేదు కదండీ."

"ఇవ్వకపోవడం వేరు, కనబడ్డం వేరు. ఎల్లుండి మంత్రి గారొస్తున్నారు. గీతలు రప్పించు."

దుర్గాశ్రీ ప్రతి గడిలోనూ ఓ చిన్న కోడ్ వేసింది. గీతలు తిన్నగా వచ్చేశాయి.

"ఏం పెట్టావు?"

"ఏం లేదండీ, ఖాళీయే. కానీ ఏదో ఉందని కంప్యూటర్ నమ్ముతుందండీ."

జ్ఞానప్రకాశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన చేత్తో చేస్తూ వచ్చిన పనే అది. దానికో కోడ్ ఉందని ఎవరూ చెప్పలేదు.

"దీని పేరేంటి?"

"నాన్ బ్రేకింగ్ స్పేసండీ."

ప్రారంభోత్సవంలో మంత్రి గారూ నాలుగో వరస చూసి, ఇందులో ఏం పెట్టారని అడిగారు. జ్ఞానప్రకాశం గారు తెలుగు భాషాభిమాని. "నాన్ బ్రేకింగ్ స్పేసండి. నాన్ బ్రేకింగ్ అంటే విరగనిదండి, కోతపడనిది. స్పేస్ అంటే స్థలమండి" అని విన్నవించుకున్నారు.

మంత్రి గారు మైకు లాక్కున్నారు. "రెండొందల పన్నెండు కుటుంబాలకీ కోతపడని స్థలం ఇచ్చేశాం!"

"అది కాదండీ..." అనబోయింది దుర్గాశ్రీ.

"నీ రెన్యూవల్ ఆర్డర్ టైపవుతోందమ్మా" అన్నారు జ్ఞానప్రకాశం గారు మెల్లిగా. బాణాసంచా మోతలో ఆమె మాట మింగేసింది.

నెల తిరక్కుండా మరిడమ్మ ఆఫీసుకొచ్చింది. చేపలమ్ముకునే మనిషి, టేబుల్లో నలభై ఏడో వరస. ఇంటి స్థలం కోసం పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. దాని మీద ఎర్రసిరాతో, 'స్థలం ఇదివరకే మంజూరైనది. అనర్హురాలు' అని ఉంది.

"నాకిచ్చిన స్థలమేదో చూపించమ్మా, గుంజలు పాతుకుంటాను."

దుర్గాశ్రీ కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచింది. స్క్రీన్ మీద నలభై ఏడో వరస చివరి గడి చూపించింది. మరిడమ్మ ముందుకి వంగి దానిమీద బొటనవేలు ఆనించింది. స్థలమంతా వేలి కిందే సరిపోయింది.

"ఇందులో పొయ్యి ఎక్కడెట్టుకోనమ్మా?"

వెనకనుంచి జ్ఞానప్రకాశం గారు తొంగి చూశారు.

"వేలు ఎలాగూ పెట్టింది కదా, ఆ ఇంకు ప్యాడ్ ఇలా అందివ్వమ్మా. స్థలం ముట్టినట్టు రిజిస్టర్లో కూడా ముద్ర వేయించేద్దాం."