మూడో పళ్ళెం

క్రిముల డాక్టరు ఆ ఉదయం వేసుకున్న పథకం నల్లేరు మీద బండి నడక. ఆపరేషన్లయినవాళ్ళను ఉంచే నాలుగు మంచాల గదిలో గాలిని శుభ్రం చేసే కొత్త యంత్రం తిరుగుతుంటుంది. జెల్లీ పోసిన గాజు పళ్ళేన్ని అక్కడి బల్ల మీద గంటసేపు మూత తీసి ఉంచాలి. గాలిలోంచి రాలిన క్రిములు రెండు రోజుల్లో అందులో చుక్కలుగా పెరుగుతాయి. యంత్రం లేని వరండాలో ఇంకో పళ్ళెం. చుక్కలు లెక్కపెట్టి, గదిలో తక్కువని రాసేస్తే పని అయిపోయినట్టే.

ఈ యంత్రం కోసం ఆయన సూపరింటెండెంటు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. కిందటి నెల మూడో మంచం తాతకు కుట్లు చీము పట్టినప్పుడు తన ఒంటికే పట్టినంత బాధపడ్డాడు. కంపెనీ మూడు పరీక్షలకు గడువిచ్చింది. ఒక్కదాంట్లో నెగ్గినా యంత్రం గదికి దక్కుతుంది, లేకపోతే వచ్చిన లారీలోనే వెనక్కి పోతుంది.

మొదటి పరీక్ష జరిగిన గంటా ఆయన పళ్ళెం పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ యంత్రం గొప్పతనం వివరించాడు. మాస్కుంటే మాట ముద్దగా వినిపిస్తుందని దాన్ని గడ్డం కిందికి లాక్కున్నాడు.

వరండా పళ్ళెంలో పదకొండు చుక్కలు తేలాయి. గది పళ్ళెంలో తొంభై నాలుగు.

“ఇవి మనుషుల నోట్లో ఉండే రకం సార్,” అంది ల్యాబ్ అమ్మాయి.

“అదీ సంగతి! పళ్ళెం దగ్గర ఎవరో తెగ మాట్లాడుతున్నారు,” అన్నాడు డాక్టరు, దొంగను పట్టేసినవాడిలా.

రెండో పరీక్ష రోజు రోగుల్నీ చుట్టాల్నీ తనవైపు తిప్పి కూర్చోబెట్టి, పళ్ళెం పక్కనుంచి కదలకుండా, మౌనం ఎంత గొప్పదో ముప్పావుగంట చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. లేచి పోలేనివాళ్ళు మరీ లోకువ.

ఈసారి గదిలో రెండు వందల పన్నెండు.

“ఎంత చెప్పినా వీళ్ళకి బుద్ధి రాదా సిస్టర్?”

“ఎవరూ నోరు విప్పలేదండీ. మీరు సందివ్వలేదు కదా,” అంది హెడ్ నర్సు.

ఆయన దాన్ని మెప్పుగా తీసుకున్నాడు. దుమ్మని కిటికీ పరదాలు పీకించాడు. చుట్టాల్ని గేటు దాటించాడు. గదిలో సైగలే తప్ప మాట వినపడకూడదన్నాడు. తాత దాహమని సైగ చేస్తే ఆయా బెడ్‌పాన్ తెచ్చింది, కాదని చేతులూపితే దుప్పటి కప్పింది. ఈ నియమాలు అందరికీ అర్థమయ్యేదాకా డాక్టరు రెండు రోజులు మంచం మంచానికీ తిరిగి గొంతు చించుకున్నాడు.

మూడో పరీక్ష రోజు తెల్లవారేసరికి ఆ గొంతు కాస్తా పోయింది.

“జ్వరం కూడా ఉంది. పడుకోండి. మీరు లేకపోతే ఆస్పత్రి ఆగిపోదులెండి,” అంది భార్య. ఆ మాట నిజమేమోనన్న భయంతో ఆయనకు కునుకు పట్టలేదు.

రెండు రోజుల తరవాత మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చేసరికి సూపరింటెండెంటు పళ్ళేలు చూస్తున్నాడు. వరండాలో పన్నెండు చుక్కలు. గదిలో రెండు!

“భేష్! ఈసారి ఏం మార్చారు?”

డాక్టరు గర్వంగా కిటికీల వైపు చెయ్యి చూపాడు. పరదాలు యథాస్థానంలో ఊగుతున్నాయి. చుట్టాలు మంచాల దగ్గర కూర్చుని కబుర్లాడుకుంటున్నారు.

“సార్ సెలవు కదాని ఆ రోజు అన్నీ మామూలుగా పెట్టేశామండీ,” అంది హెడ్ నర్సు, నేల చూపులు చూస్తూ. “లేనిది సార్ ఒక్కరే.”

“చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావయ్యా!” అన్నాడు తాత జాలిగా.

ఆ తొంభై నాలుగూ, ఆ రెండు వందల పన్నెండూ తన సొంత సంతానమేనని డాక్టరుకు అప్పటికి అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా సూపరింటెండెంటు కాగితం మీద సంతకం చేసి, యంత్రం ఈ గదిదేనన్నప్పుడు తాత కుట్ల వైపు చూశాడు, కళ్ళు చెమర్చాయి.

“ఏమంటారు డాక్టరుగారూ?” అన్నాడు సూపరింటెండెంటు నవ్వు ఆపుకుంటూ.

ఆయన దగ్గర అరగంటకు సరిపడా సమాధానం ఉంది కానీ, ఆ గది గాలి అదృష్టం బాగుండి గొంతు ఇంకా రాలేదు.