స్కోరు కదులుతోంది, సంతోషించండి!

నెలనెలా పడి లేచే క్రెడిట్ స్కోరు మనకు దొరికిన వరం. కాదన్నవాళ్ళు ఒకసారి మా లింగంపేటకు వచ్చి నెల రోజులు ఉండి చూడండి!

ఇక్కడ ఏదీ కదలదు. బీడీల కూలి కదలదు. ఎల్లారెడ్డి పోయే ఆటో కిక్కిరిసేదాకా కదలదు. శాంక్షన్ అయిన రోడ్డు కంకర దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి ఊళ్ళో మనం ఊరికే కూర్చున్నా మన పేరు మీద పైకీ కిందికీ తిరుగుతున్నది స్కోరొక్కటే. దానికి దండం పెట్టాలా, తిట్టాలా?

మా పక్కింటి జీవన్ బైకు లోను గడువుకన్నా ముందే కట్టేశాడు. తర్వాతి నెల స్కోరు తగ్గింది! బాకీ తీర్చినందుకు శిక్షా అని గింజుకున్నాడు. శిక్ష కాదు నాయనా, బెంగ! నెలనెలా నీ కిస్తీ చూసుకుని మురిసిపోయే కంపెనీని ఒక్కసారిగా వదిలేస్తే దానికి మాత్రం మనసుండదా?

మా వీధి భూమేశ్ అన్న కథ ఇంకో రకం. కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకమయ్యాయి, పైసలు మాత్రం ఖాతాలో పడలేదు. ఈలోగా ట్రాక్టర్ కిస్తీ తారీకు దాటింది. ఆ నెల స్కోరు లెక్కలో అన్న నమ్మదగని మనిషి. పైసలు పడ్డాక కట్టాడు, కొన్నాళ్ళకు మళ్ళీ పెద్దమనిషి. గుణం పుట్టుకతో వస్తుందని మన పెద్దలు అమాయకంగా నమ్మారు. అది యాసంగికి ఒకటి, వానాకాలానికి ఇంకొకటి అని కనిపెట్టింది స్కోరే కదా!

అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది మాత్రం మా పెద్దమ్మ రాజమణికి.

పెద్దమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది. మానేయకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లోనే పిండి గిర్ని పెట్టుకుందామని లోను కోసం బయలుదేరింది. మహిళా సంఘం లోనులో ఒక్క కిస్తీ తప్పలేదు కాబట్టి స్కోరు దివ్యంగా ఉంది. తోడుగా నేను. ఎల్లారెడ్డిలో ఒకచోట, కామారెడ్డిలో మూడుచోట్ల అడిగింది. ప్రతిచోటా ఆధార్ ఇచ్చింది, ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పింది, మిత్తి, అదే వడ్డీ, ఎంతో కనుక్కుని "చూసి చెప్త బిడ్డా" అని లేచింది.

అన్నిటికన్నా తక్కువ మిత్తి చెప్పిన ఆఫీసుకు నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. కౌంటర్‌లో ఉన్న అరవింద్ అనే అబ్బాయి కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"స్కోరు తగ్గిందమ్మా. లోను రాదు."

"మొన్న మంచిగున్నదంటివి గద బిడ్డా! గింతల నేనేం జేసిన?"

"చానాచోట్ల అడిగిండ్రు. అడిగినప్పుడల్లా తగ్గుతది."

"చీర కొననీకి పోతే నాలుగు దుకాండ్లు తిరుగుత. ఎవలన్న నాకు చీర ఇయ్యనన్నరా?"

"గిది చీర కాదమ్మా."

"ఔ మల్ల! చీరనైతే నేను గుంజి చూస్తుంటి. మీరు నన్నే గుంజి చూస్తున్నరు."

అరవింద్ నవ్వాడు. లోను మాత్రం ఇవ్వలేదు.

ఇక్కడే స్కోరు దయాగుణం గమనించాలి! నాలుగు గడపలు తిరిగే శ్రమ పెద్దమ్మకు శాశ్వతంగా తప్పించింది. వారం తిరక్కముందే మిత్తికి డబ్బులు తిప్పే ఆసామి తానే ఇంటికి వచ్చాడు. ఆధార్ అడగలేదు. ఓటీపీ అడగలేదు. స్కోరు చూడనే లేదు. పెద్దమ్మ చెవులకున్న కమ్మలు చూశాడు.

కమ్మలు వెళ్ళాయి, గిర్ని వచ్చింది. కూరగాయల దగ్గర కూడా రూపాయి తగ్గించనిదే వదలని మనిషి, ఆ ఆసామి ముందు ఒక్క మాట బేరమాడలేదు. కమ్మలు తీసిస్తుంటే, ఇంతకీ మిత్తి ఎంతని ఆసామిని అడగడానికి నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అడగకు బిడ్డా. అడిగితే మల్ల తగ్గుతది."