కాకులు మెచ్చిన బేరి

ఆ ఉదయం పాన్‌సిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య గిన్నెలు కడుగుతుండగా పెరట్లో ఒక్క బేరికాయ కాగితం సంచి కాస్త చింపి, లోపలికి చూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి అన్నానికి కూర్చోవాలి.

కొరియాలోని ఆ నాజు ప్రాంతంలో పిందెలకు కట్టిన సంచి కోతదాకా విప్పరు. విప్పితే తొక్క మచ్చలు పడుతుంది. "సంచి విప్పి చూసేవాడూ ఓ రైతేనా" అని ఇరవయ్యేళ్ళుగా ఊరికి నీతులు చెప్పింది పాన్‌సిక్కే. చుసోక్ కోతల పండక్కి వంశంలో పోయిన పెద్దలకు నైవేద్యం పెట్టే బేరి పదకొండేళ్ళుగా అతని పెరటిదే. ఈ ఏడు మాత్రం పినతండ్రి కొడుకు తేగిల్ తన కాయ పసివాడి తలంత ఉందని చాటుకుంటున్నాడు. మరి చూడకుండా ఎలా ఉంటాడు?

ఒకటి చూశాడు. చిన్నదనిపించి ఇంకోటి చూశాడు. తొమ్మిదో సంచి దగ్గరుండగా భార్య మల్సున్ తడిచేతులతో వచ్చి గుండె బాదుకుంది.

"అయ్యో, కాకులు పడ్డాయండీ!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పరువు దాన్ని వెనక్కి లాగింది.

"అవునే, ఆ తెల్లపొట్ట కాకులే. దొంగ పీనుగులు" అన్నాడు.

ఆమె పక్కింటికి చెప్పింది, పక్కింటివాళ్ళు ఊరి మైకులో చెప్పించారు. గంటలో వలలతో, రేకు డబ్బాలతో, వంశపెద్ద అయిన పెదనాన్నతో సహా పదిమంది దిగారు. వద్దంటే అనుమానం, రమ్మంటే అనర్థం. వల కొమ్మకు తగులుకుని, పండక్కని దాచుకున్న పెద్ద కాయ కాస్తా వంశపెద్ద కాళ్ళ దగ్గర పడి పగిలింది. పాన్‌సిక్ ప్రాణం ఉసూరుమంది.

ఎనభయ్యేళ్ళ ఆ పెదనాన్న ఓ ముక్క తీసి నమిలి, తియ్యటి చెట్టు కాకికి తెలిసినట్టు మనిషికి తెలియదన్నాడు. "తేగిల్ తోట వంక అసలు చూశాయట్రా? ఈ ఏడూ పాన్‌సిక్ బేరే పెడదాం."

పాన్‌సిక్ ఛాతీ ఎంత ఉబ్బిందంటే, సంచులు చింపింది తానేనన్న సంగతి కూడా మరిచిపోయాడు. "మా కాకులు ఆషామాషీవి కావు పెదనాన్నా" అన్నాడు గర్వంగా. ఆ గుంపులోనే ఉన్న తేగిల్ చిరిగిన సంచులు లెక్కపెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే తేగిల్ రొప్పుతూ వచ్చాడు. "అన్నయ్యా, మా తోటలోనూ పడ్డాయి. ముప్పై సంచులు."

వెళ్ళి చూస్తే, అన్నీ మనిషి చెయ్యి అందే ఎత్తులో, కత్తెర పెట్టినంత శుభ్రంగా తెగి ఉన్నాయి. కాకికి కత్తెర ఎక్కడిదిరా అని అడగబోయి పాన్‌సిక్ ఆగిపోయాడు. అడిగితే తన సంచులూ పరీక్షకు వస్తాయి.

"కాకులే" అన్నాడు నీరసంగా.

"తొమ్మిది కంటే ముప్పై ఎక్కువ కదరా" అని పెదనాన్న పండగ బేరి తేగిల్‌కు మార్చేశాడు.

వారం తిరిగేసరికి ఇంకో ఏడిళ్ళ పెరళ్ళలో సంచులు తెగాయి. ఆ ఏడు ఆ ఊళ్ళో బేరి సంచి జోలికి పోనివి కాకులు మాత్రమే.